కెప్టెన్ కొరకంచు ఆళ్లగడ్డలో నిధి తవ్విన రోజు

మనుషులు రకరకాలుగా పడతారు. కొందరు మిద్దె మీంచి పడతారు, కొందరు స్కూటర్ మీంచి పడతారు, కొందరు ప్రేమలో పడతారు. నేను మాత్రం నా గొంతు మీంచి పడినాను. పడి, నా ఒక్కదాని మోకాలు చెక్కుకుపోయింటే ఈ కథ ఉండేదే కాదు. మా మేనత్త ఇల్లు, ఆ ఇంట్లో రెండు మూటల బియ్యం, వీధి వీధంతా తినే మధ్యాన్నం కూడు, రిటైరైన ఒక హెడ్డు కానిస్టేబులు పరువు, అన్నీ ఒకే పూట మునిగిపోయినాయి. మునిగినాయంటే ఊరికే మాటకు అన్నాననుకునేరు. నిజంగా నీళ్లలోనే మునిగినాయి.

నాకప్పుడు ఇరవై మూడేళ్లు. బి.ఎడ్. పూర్తి చేసి, నంద్యాలలో మా నాయన స్టీలు సామాన్ల అంగట్లో కూచుని, గిన్నెల మీద పేర్లు కొట్టే మిషను పట్టుకుని కాలం గడుపుతాండాను. మనిషిని చూస్తే అగరొత్తి. గొంతు వింటే మాత్రం లోడు లారీ ఘాటెక్కుతాండాదేమో అనిపిస్తాది. అంగడికి ఫోన్ చేసినోళ్లు నేను "హలో" అంటే చాలు, "శెట్టిగారూ, బాగుండారా?" అనేవాళ్లు.

"నేను శెట్టిగారి కూతుర్నండీ, పద్మను."

"అయ్యో, జలుబు చేసిందా పాపా?"

ఇరవై మూడేళ్లుగా విడవని జలుబు! నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోరు బంగారమే, గొంతే ఊరిని తిప్పలు పెట్టింది.

అట్లాంటి గొంతును మొట్టమొదట మెచ్చుకున్న మహానుభావుడు కిరణ్. హైదరాబాదులో పిల్లల కోసం బొమ్మల సినిమాలు చేసే చిన్న కంపెనీ వాళ్లది. గొంతు కావాలని ఫోన్లో ప్రకటన చూసి, ఏ చందమామకో పిల్లలకో చెప్పిస్తారులే అని రెండు ముక్కలు మాట్లాడి పంపినా. పది నిమిషాల్లో ఫోన్ వచ్చింది.

"మేడమ్, అద్భుతం! మీరే మా కెప్టెన్ కొరకంచు!"

కెప్టెన్ కొరకంచు ఎవరంటే, సముద్రం మీద ఓడలు దోచే దొంగ. ఒక కన్ను, ఒక కొయ్యకాలు, మూడు బంగారు పళ్లు. ముగ్గురు పిల్లలు ఏదో దీవిలో నిధి వెతుక్కుంటా పడవలో పోతాంటారు, వీడు వాళ్ల వెనకే పడతాంటాడు. వానికి ఆకలేస్తే నిధి, దప్పికైతే నిధి, నిద్రలో గురక పెట్టినా "నిధీ... నిధీ..." అనే వస్తాది. పోనీ దొరికితే ఏం చేస్తాడో వానికీ తెలీదు, కథ రాసినోళ్లకూ తెలీదు.

"ఒక్క విషయం మేడమ్. విలన్ కదా, మీ సీమ యాసలో చెప్పండి. పవర్‌ఫుల్‌గా ఉంటుంది."

"మరి ఆ పిల్లలకు ఏం యాసండీ?"

"వాళ్లకు మామూలు తెలుగే."

చూసినారా? మా యాస మామూలు తెలుగు కాదంట! ఓడలు దోచేటోళ్లకు మాత్రం అతికినట్టు సరిపోతాదంట. అరికాలి మంట నెత్తికెక్కింది. కానీ నా గొంతును ఒకరు "అద్భుతం" అన్నారు కదా, ఆ ఒక్క ముక్కకే నెత్తికెక్కిన మంట అరికాలికి దిగి, ఆడి నుంచి భూమిలోకి పోయింది. ఒప్పుకున్నా.

ఎనిమిది భాగాలు మా మిద్దె మీద గదిలోనే చెప్పినా. కింద అంగడి. ఎనిమిదో భాగం పంపినాక కిరణ్ ఫోన్ చేసి నెమ్మదిగా అడిగినాడు.

"మేడమ్, కెప్టెన్ తుఫానులో అరుస్తుంటే వెనకాల 'టంగ్' అని వస్తోంది. నడి సముద్రంలో స్టీలు చెంబు ఎవరు పడేస్తున్నారు?"

"మా నాయన."

"తొమ్మిదో భాగం శనివారం సాయంత్రానికి కావాలి. మళ్లీ చెంబు వినపడితే మాత్రం వేరే గొంతు చూసుకోక తప్పదు మేడమ్. ఏమీ అనుకోకండి."

పుట్టి బుద్ధెరిగినాక నన్ను వెతుక్కుంటా వచ్చిన ఒకే ఒక్క గౌరవం, చెంబు మూలంగా పోతాదా? అప్పుడు గుర్తొచ్చింది మా సరోజత్త.

సరోజత్త మా నాయనకు అక్క. ఆళ్లగడ్డలో ఒంటరిగా ఉంటాది. ముప్పై ఏళ్లు టీచరుగా చేసి రిటైరయింది. ఊళ్లో సగం మంది ఆమె దగ్గర చదువుకున్నోళ్లే. ఆమె ప్రత్యేకత ఏందంటే, ఎప్పుడూ గొంతెత్తదు. గుసగుసగా మాట్లాడతాది. క్లాసులో పిల్లలు గోల చేస్తే ఇంకా చిన్నగా మాట్లాడేదంట, భయంతో అరవై మంది ఊపిరి బిగబట్టేవాళ్లంట. "గట్టిగా అరిచేది చేతకానోళ్లు" అనేది ఆమె మాట. అట్లాంటామెకు పోయి, "అత్తా, నీ ఇంట్లో సముద్రపు దొంగ మాదిరి అరుస్తా" అని ఎట్ల చెప్పేది? "టీచరు ఉద్యోగానికి ఫోన్లో ఇంటర్వ్యూ ఉంది, నిశ్శబ్దంగా ఉండాల" అని చెప్పినా. మొదటి తప్పు అదే. లెక్క పెట్టుకోండి, ఇంకా వస్తాయి.

శుక్రవారం సాయంత్రం బస్సు దిగి ఆమె వీధిలోకి అడుగు పెడితే, టక్ టక్ టక్ టక్! ఆళ్లగడ్డలో అత్త ఇల్లు శిల్పుల షెడ్ల మధ్యలో ఉంటాదని మర్చేపోయినా. ఒకపక్క సగం చెక్కిన నంది, ఒకపక్క ఇంకా ముఖం రాని హనుమంతుడు, ఉలి మీద సుత్తి ఆగితే ఒట్టు. పెనం మీంచి పొయ్యిలో పడేవాళ్లను చూసింటారు. గిన్నెల్లోంచి బండల మీద పడినదాన్ని నన్నే చూస్తాండారు.

అత్త నా ముఖం చూసి గుసగుసగా అనింది: "ఒంటిగంట నుంచి రెండు దాకా కూటికి ఆపుతారు. అప్పుడు చీమ నడిచినా వినపడతాది. ఆ టైముకు పెట్టించుకో. నేను పొద్దున్నే యాగంటికి పోతాండా. ఎవరొచ్చినా తలుపు తీయొద్దు."

చీమ నడిచినా వినపడతాదని ఆమె చెప్పినప్పుడు, నా చెవికే కాదు, వాళ్ల చెవులకూ వినపడతాదని నాకు తట్టలేదు. అదీ మన తెలివి. పైగా పోతా పోతా అత్త పక్కింటి వీరాచారికి కూడా చెప్పి పోయింది: "పాప ఒక్కతే ఉంటాది ఆచారీ, ఒక కన్నేసి పెట్టు."

వీరాచారి అరవై ఏళ్ల శిల్పి. ఆయన ఒక కన్నేయమంటే రెండు కన్నులూ, రెండు చెవులూ వేసే మనిషి.

శనివారం సరిగ్గా ఒంటిగంటకు ఉలులు ఆగినాయి. నేను సామాన్ల గదిలో బియ్యం మూటల మధ్య దూరి, శబ్దం బయటికి పోకుండా నెత్తిన బొంత కప్పుకుని, ఫోన్ పెట్టుకున్నా. కెప్టెన్ కొయ్యకాలి చప్పుడు కూడా కావాలని కిరణ్ అడిగినాడు కాబట్టి, ఒక చేతిలో రోకలి. గోడకు చెవులుంటాయంటారు. ఆ గోడకు చెవులు లేవు గానీ, పైన గూట్లో వెంటిలేటరు ఉంది. బొంత కింద ఉన్నదానికి వెంటిలేటరు యాడ కనపడుతాది? దానికి సరిగ్గా బయట, వేపచెట్టు నీడన వీరాచారి, ఇంకో పది మంది పనోళ్లు జొన్నరొట్టెల మూటలు విప్పుతాండారు.

లోపల నుంచి కెప్టెన్ మొదలుపెట్టినాడు.

"తవ్వండ్రా! ఇంకా లోతుకు తవ్వండి! నిధి వాసన నా ముక్కుకు తగుల్తాండాది!"

దబ్! దబ్! దబ్! (రోకలి.)

"ఆ ముగ్గురు పిల్లల్ని యాడ పెట్టినార్రా? అమావాస్య దాకా గుహలోనే కట్టేసి పెట్టండి! నిధిలో వాటా అడిగినోని నాలుక కోసి చేపలకు వేస్తా! హా... హా... హా!"

మా పక్క 'నిధి' అనే మాట ఉత్త మాట కాదు. పాడుబడిన మంటపం కనపడితే చాలు, ఎవడో ఒకడు గడ్డపార ఎత్తుకుని పోయే ఉంటాడు. వాడు పోయినాడంటే వాని వెనక పదిరకాల పుకార్లు పోతాయి. అట్లాంటి చోట నడి మధ్యాన్నం ఒక వీధికంతా వినపడేట్టు పిల్లల్ని అమావాస్య దాకా కట్టేయమంటే ఏమైతాది? బయట ఏమైందో తర్వాత వీరాచారే చెప్పినాడు.

"అన్నా, టీచరమ్మ ఇంట్లో మగోని గొంతు!"

"ఆయమ్మ ఇంట్లో మగ పిల్లి కూడా ఉండదు గదప్పా!"

"నిధి తవ్వతాండారన్నా. గడ్డపార చప్పుడు ఇనపడతల్యా? పిల్లల్ని గూడ కట్టేసినారంట!"

"ఒరేయ్... మన పాప! టీచరమ్మ మేనకోడలు లోపలే ఉండాది గదరా!"

జొన్నరొట్టెలు ఆడనే వదిలేసి లేచినారు. ఒకడు ఉరికి పోయి వీధి చివర నాగన్నను, ఇంకో ముగ్గుర్ని పిల్చుకొచ్చినాడు. నాగన్న హెడ్డు కానిస్టేబులుగా చేసి, వయసు రాకముందే రిటైరై నాలుగేళ్లయింది గానీ, ఆయన జేబులో చిన్న పుస్తకం మాత్రం ఇంకా రిటైరు కాలేదు.

తలుపు దబదబా కొట్టినారు.

నేను అదిరిపడినా. అత్త యాగంటిలో. పట్టపగలు ఎవరబ్బా? మీరైతే ఏం చేసేవాళ్లు? "ఎవరండీ" అని అడిగేవాళ్లు. మీకు బుద్ధుంది కాబట్టి. నేను, నోట్లో ఇంకా ఆరని కెప్టెన్ గొంతుతో, ఇంట్లో మగవాళ్లుండారని తెలిస్తే దొంగలు పారిపోతారు కదా అని, రోకలి నేలకేసి కొట్టి గర్జించినా.

"ఎవుర్రా అది? లోపల పదిమందిమి ఉండాం! అడుగు లోపల పెడితే తలకాయ ఎగిరిపోతాది!"

బయట ఎవరో సన్నగా, "పదిమంది అంటన్నా!" అన్నారు.

నాగన్న గొంతు: "లోపల ఆడపాప ఉండాది. ఆ పాపను ఏం చేసినార్రా?"

నా పై ప్రాణాలు పైనే పోయినాయి. నేను ఒంటరిగా ఉండానని దొంగలకు తెలిసిపోయింది! వెంటనే ఇంకా బొంగురుగా అరిచినా.

"పాప లేదు! పాపను పొద్దున్నే పంపిచ్చేసినాం!"

"అయ్యో! పంపిచ్చేసినారంట!" అని వీరాచారి భార్య ఏడుపు అందుకునింది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను ఇంట అరిచి రచ్చ రచ్చ చేసినా. ఆమె ఏడుస్తానే సరోజత్తకు ఫోన్ కూడా కొట్టిందంట: "టీచరమ్మా, మీ ఇంట్లో పదిమంది మగోళ్లు దిగినారు, బేగా రాండి!" అత్త అప్పటికే దర్శనం చేసుకుని తిరిగొస్తా కోయిలకుంట్లలో బస్సు కోసం నిలబడి ఉంది. అది విని ఉన్నపళంగా ఆటో ఎక్కింది.

ఈ లోపల నేను దొంగల మీద ఆఖరి అస్త్రంగా కెప్టెన్ నవ్వు వదిలినా. "హా... హా..." మూడో 'హా' దగ్గర గొంతులో ఏదో తెగినట్టయింది. 'హా' బదులు 'కీ' అని వచ్చింది. అంతే. నా గొంతు నన్ను వదిలేసి పోయింది. అదే నిమిషానికి వెనక వాకిలి గడియ ఊడిపడింది.

ఉలులు, సుత్తులు, గడ్డపారలు ఎత్తుకుని పదిహేను మంది లోపలికి దూకితే వాళ్లకు కనపడిందేందంటే, నెత్తిన బొంత, ముఖం నిండా బియ్యపు దుమ్ము, చేతిలో రోకలి పట్టుకున్న ఒక అగరొత్తి.

"పాపా! బతికే ఉండావా! వాళ్లు యాడ?"

"కీ" అన్నా.

"పాపం, భయంతో మాట పడిపోయింది. ఆ మగోడు యాడ పాపా?"

నన్ను నేను చూపించుకున్నా. ఎవరూ పట్టించుకోలేదు. మంచాల కింద, బీరువా వెనక, పొయ్యి గట్టు కింద వెతికినారు. ఒకడు కందిపప్పు డబ్బా మూత తీసి కూడా చూసినాడు. పదిమంది మగోళ్లు దాంట్లో ఎట్ల పడతారో వానికే తెలియాల.

నాగన్న పుస్తకం తీసినాడు. "భయపడొద్దు పాపా. నిదానంగా చెప్పు. ఆ ముగ్గురు పిల్లలు యాడుండారు?"

ఉన్న గాలంతా కూడగట్టి, "కార్టూన్లో" అన్నా.

"కర్నూల్లో అంట!" అని రాసుకున్నాడు నాగన్న. "కర్నూల్లో యాడ?"

తల అడ్డంగా ఊపి, ఫోన్ తీసి నేను చెప్పిన ముక్క వినిపించినా. అది విని అర్థం చేసుకుంటారనుకున్నా. ఫోన్లోంచి కెప్టెన్ "నాలుక కోసి చేపలకు వేస్తా" అనంగానే అందరూ రెండడుగులు వెనక్కి వేసినారు.

"వీడే! ఇదే గొంతు! పాపా, నువ్వు శానా తెలివిగల దానివి, దొంగ గొంతును రికార్డు చేసినావు. వీని పేరేంది?"

"కెప్టెన్ కొరకంచు" అని వేలితో గోడ మీది దుమ్ములో రాసినా.

"ఏ ఊరోడు?"

"సముద్రం."

నాగన్న అదీ రాసుకున్నాడు. ఇంక లాభం లేదని కిరణ్‌కు ఫోన్ కలిపి, స్పీకర్ పెట్టి ఆయన చేతిలో పెట్టినా. అసలు సంగతి ఆ పిల్లోడే చెప్తాడు కదా! కిరణ్ ఎత్తినాడు. పలకరింపు లేదు, పాడు లేదు.

"కెప్టెన్! నిధి దొరికిందా? పిల్లల్ని కట్టేసింది అయిపోయిందా? సాయంత్రానికల్లా నాకు పంపెయ్యాలి!"

నాగన్న పెన్ను కింద పడింది.

"ఒరేయ్, అసలు ముఠా నాయకుడివి నువ్వేనా? ఫోన్ పెట్టినావో, హైదరాబాదుకొచ్చి పట్టుకుంటా! లైన్లోనే ఉండు!"

"సార్... సార్... ఇది పిల్లల బొమ్మల సినిమా సార్! ఆ గొంతు పద్మ గారిదే!"

అందరూ నా వైపు తిరిగినారు. "ఏదీ పాపా, ఒకసారి అను."

"కీ" అన్నా.

"అబద్ధాలు చెప్తాండాడన్నా వీడు!"

అప్పుడే సామాన్ల గదిలోంచి వీరాచారి కేక వేసినాడు. "నాగన్నా! ఈడ చూడప్పా! తవ్వినారు!"

పోయి చూస్తే బియ్యం మూటల వెనక బండ పగిలి, పక్కన కుప్పగా మట్టి. అది ఎలుకబొక్క. ఎన్నాళ్లుగానో ఉన్న ఎలుకబొక్క. నేను చేతులు జోడించి, ఎలుక మాదిరి ముందు పళ్లు బయటపెట్టి, ముక్కు పక్కన మీసాలు కూడా చూపించినా.

"మీసాలోడంట!" అన్నారెవరో.

"ఇంకా లోతుకు తవ్వమన్నాడు గదా వాడు. అంటే నిధి ఇంకా కిందనే ఉండాది" అన్నాడు ఒక పనోడు. అంతసేపు పాప, పిల్లలు, టీచరమ్మ పరువు అంటాండిన మనుషుల కళ్లల్లో ఏదో మెరిసింది. ఆ మెరుపు నాకు బాగా తెలుసు. తొమ్మిది భాగాల పాటు నేను గొంతిచ్చిన మెరుపు అది.

"ఊరికే సాక్ష్యం కోసం చూద్దాం" అన్నాడు నాగన్న, బొక్కలోకి తొంగి చూస్తా.

"అంతే, సాక్ష్యం కోసమే" అని వీరాచారి గడ్డపార ఎత్తినాడు.

కొండను తవ్వి ఎలుకను పట్టినారని సామెత. వీళ్లు ఎలుకబొక్కను తవ్వి కుళాయి పైపును పట్టుకున్నారు. మూడో దెబ్బకు ఠాప్ మని పగిలి, నీళ్లు పైకప్పు దాకా లేచినాయి. వీరాచారి తలపాగా ఎగిరిపోయింది. బియ్యం మూటలు తడిసి ఉబ్బినాయి, వెనక వాకిట్లోంచి పారిన నీళ్లలో వేపచెట్టు కింద వదిలేసిన రొట్టెలు మునిగినాయి. నాగన్న పుస్తకంలో కర్నూలు, సముద్రం అన్నీ కలిసి నీలంగా కారిపోయినాయి. పదిహేను మంది ఒకరి మీద ఒకరు జారి పడతా, "మూయండ్రా!", "యాడ మూసేది?", "వేలు పెట్టు!", "నీ వేలే పెట్టు!" అని అరుస్తాండారు.

అప్పుడు వాకిట్లో ఆటో ఆగింది. సరోజత్త దిగింది. చేతిలో యాగంటి ప్రసాదం, గడప మీదికి పారతాండే నీళ్లు, లోపల నడిమింట్లో ఊరు ఊరంతా. ముప్పై ఏళ్లు గుసగుసగా బతికిన మా అత్త నోరు తెరిచింది.

"ఎవుర్రా... నా ఇల్లు తవ్వేదీ!"

అమ్మమ్మా! నేనేం లారీ! అది రైలు. కిటికీలు అదిరినాయి. నీళ్లు కూడా ఒక క్షణం ఆగినట్టనిపించింది. నాకు ఈ గొంతు యాడి నుంచి వచ్చిందో ఇంట్లో ఎవరికీ ఇన్నాళ్లూ అంతుపట్టలేదు. ఆ క్షణంలో పట్టింది.

వీరాచారి మోకాలి లోతు నీళ్లలో నిలబడి నాగన్న చెవిలో అన్నాడు: "అన్నా... ఇదే గొంతు. కెప్టెను... టీచరమ్మే!"

నాగన్న మూడో తరగతిలో అత్త దగ్గర చదివినోడు. తడిసిన పుస్తకాన్ని వీపు వెనక దాచుకుని, "నేను కాదు టీచర్, వాళ్లే" అన్నాడు, నేల చూపులు చూస్తా.

ఆయన చేతిలో ఫోన్ ఇంకా మాట్లాడతానే ఉంది. "సార్! మేడమ్! ఎవరది? ఎవరండీ ఆ గొంతు? పద్మగారూ, క్షమించండి, ఇన్ని రోజులూ మీతో చెప్పించుకుని పొరపాటు చేశాం. కెప్టెన్ కొరకంచు ఆవిడే! ఆవిడను ఒప్పించండి!"

ఆ సాయంత్రం పైపుకు అతుకు పడినాక, నేను ఏడుస్తా సైగలతో కొంత, కాగితం మీద కొంత జరిగిందంతా ఒప్పుకున్నా. తిడతాదని తల వంచుకుని కూచున్నా. అత్త కాగితం మడిచి, మళ్లీ పాత గుసగుసలోకి వచ్చి అడిగింది.

"ముప్పై ఏళ్లు లోపల అణిచిపెట్టుకున్నా పద్మా. ఆ నాలుక కోసి చేపలకు వేసేది... ఎట్ల అనాల?"

ఇప్పుడు అత్తకు అరవై తొమ్మిదేళ్లు. కెప్టెన్ కొరకంచు ఆమే. రోజూ ఒంటిగంటకు వీధంతా రొట్టెలు పట్టుకుని వెంటిలేటరు కింద చేరి ఆమె అరుపులు వింటా తింటారు. నా గొంతు పూర్తిగా పాతదారికి రానే లేదు, సగం లారీ, సగం కీచు. కిరణ్ దయగల మనిషి కాబట్టి ఊరికే వదిలేయలేదు. కెప్టెన్ భుజం మీద కూచునే కాకి ఒకటి కొత్తగా పుట్టించి, దాన్ని నాకిచ్చినాడు.

కాబట్టి పాఠక మహాశయులారా, మీ అందరి సమక్షంలో, తూర్పు ముఖంగా నిలబడి, కుడిచేయి గుండె మీద పెట్టుకుని ప్రమాణం చేస్తాండా: ఇక ఈ జన్మలో ఎవరు తలుపు కొట్టినా, వాళ్లు నిజంగా దొంగలే అయినా, "ఎవరండీ, రాండి, కూచోండి" అని మర్యాదగా తప్ప మారుమాట అనను. అన్నానంటే నా పేరు పద్మ కాదు.

కావ్.